పదో బిందె నిండేదాకా

పులికాట్ గట్టుకు చేరేసరికి ఉదయం ఐదూ నలభై. వాన పడుతూనే ఉంది. గాలి తూర్పు నుంచి. రెండు ట్రక్కులు, ఒక జీపు, పంతొమ్మిది మంది జవాన్లం. దిగడానికి ఇచ్చిన చోటు ఒక హైస్కూలు. చుట్టుపక్కల నీళ్ళెక్కని మెరక అదొక్కటే. తొమ్మిదో తరగతి గది నాకూ, నా పనిముట్ల పెట్టెకూ, రేడియో ఆపరేటరుకూ వచ్చింది. నల్లబల్ల మీద ఎవరో టీచరు మొదలుపెట్టిన లెక్క సగంలో ఆగి ఉంది. మేమున్న పదకొండు రోజులూ దాన్ని ఎవరూ చెరపలేదు.

నేను సైన్యంలో బండ్ల మెకానిక్‌ని. హోదా నాయక్. మాది ఏర్పేడు. రిటైరై ఇంటికొచ్చాక టీ అంగడి దగ్గర కూర్చుంటే చాలు, బార్డర్లో ఎంతమందిని కాల్చినావప్పా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవర్నీ కాల్చలేదంటే వాళ్ళకు ఉసూరుమంటుంది. పదిహేడేళ్ళలో కొండల్లో ఉన్నాను, ఎడారిలో ఉన్నాను. కానీ కాలరెగరేసి చెప్పుకోగలిగిన డ్యూటీ మాత్రం మా ఇంటికి గంటన్నర దూరంలో, తుపాను సహాయానికి పోయి చేసిన ఈ పదకొండు రోజులే. అందులో జరిగిందల్లా ఒక ఇంజను చెడిపోకపోవడం. చెడిపోని ఇంజను గురించి ఎవరూ కథలు చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

ఆరున్నరకు ఆర్డర్లు. మేజర్ సాబ్ మలయాళీ. మాతో హిందీలో మాట్లాడేవారు. ఒక మాట ఎక్కువ ఉండదు, ఒక మాట తక్కువ ఉండదు. మ్యాపు మీద వేలు పెట్టి చెప్పారు.

"సరస్సులోకి పదకొండు కిలోమీటర్ల మట్టి గట్టు. చివర మూడు జాలరి పల్లెలు. సముద్రం లోపలికి వచ్చి, ఇసకలో వాళ్ళు తవ్వుకున్న చెలమలన్నీ ఉప్పయ్యాయి. ఈ గాలికి పడవలు పోవు. తాగే నీళ్ళు గట్టు మీదే పోవాలి. రోజుకు మూడు ట్రిప్పులు."

"మన నీళ్ళ ట్రైలరు సార్?"

"వేరే జిల్లాకు పోయింది. ఇక్కడి వాళ్ళు ఒక ట్యాంకర్ ఇస్తున్నారు. ఒక్కటే. అది నీది. గట్టు వెడల్పు ఒక లారీకే సరిపోతుంది. మధ్యలో ఆగిందంటే దాని వెనక ఇంకేదీ పోదు. అర్థమైందా?"

అర్థమైంది. ట్యాంకర్ ఆగితే నీళ్ళూ ఆగుతాయి, దారీ మూసుకుంటుంది. ఆ మూడు పల్లెల్నీ అక్కడ కుప్పాలు అంటారు. చిత్తూరు జిల్లా కుప్పం పట్నం కాదు. సరస్సు ఒడ్డున జాలర్ల పల్లె ఏదైనా కుప్పమే.

ఎనిమిదీ పావుకు ట్యాంకర్ వచ్చింది. చిత్తూరు వైపు పాలు మోసే బండి. స్టీలు బ్యారెల్ తళతళలాడుతోంది. తొమ్మిది వేల లీటర్లు. పాలబండి అయితే లోపల శుభ్రంగా ఉంటుందని ఎవరో బుర్రున్నవాళ్ళే ఎంచారు. ఎంత కడిగినా పాల వాసన మాత్రం పోలేదు. డ్రైవర్ పేరు మునిరత్నం. యాభై దాటిన మనిషి. నుదుట విబూది, మెడలో తువ్వాలు. బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు. వాటిని వాన కడుగుతోంది.

బడి ముందు బండి నిలిపి, యాక్సిలేటర్ గట్టిగా ఒక్క తొక్కు తొక్కి, ఇంజను ఆపేశాడు. నేను క్యాబిన్ దగ్గరికి నడిచాను.

"అన్నా, ఆపేముందు ఆ రేస్ ఎందుకు?" అన్నాను.

"ఏందప్పా అట్లంటావు? ఒక రేస్ ఇచ్చి ఆపితే మళ్ళా ఒక్క సెల్ఫుకే పట్టుకుంటాది. మా గురువు నేర్పిచ్చినాడు."

"మీ గురువు నేర్పించిన లారీకి టర్బో ఉన్నిందా?"

"టర్బో గిర్బో అప్పుడు యాడుండాది?"

"దీనికుంది."

"ఉంటే ఉండనీ. ఇరవై ఆరేండ్లుగా పాలు తోల్తా ఉండా. ఒక్క దినం పాలు ఇరగలేదు నా చేతిలో." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని టీ కోసం పోయాడు.

తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఇంజను వదిలే పొగ ఊరికే పోకుండా టర్బోలో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. ఆ ఇరుసు చిటికెన వేలంత. నిమిషానికి లక్ష చుట్లు తిరగగలదు. దాన్ని మోసేది ఇనుము కాదు, పలచటి నూనె పొర. ఇంజను ఆపిన క్షణాన నూనె పంపు ఆగుతుంది. చక్రం మాత్రం వెంటనే ఆగదు. కణకణలాడే వేడిలో ఇంకా తిరుగుతూ ఉంటుంది. రేస్ ఇచ్చి ఆపడమంటే దాన్ని ఇంకాస్త జోరుగా తిప్పి, సరిగ్గా అప్పుడే నూనె కట్టేయడం. లోపల మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. ఒకరోజు ఇరుసు పట్టేస్తుంది. దీనికి మందు చాలా చవక. బండి నిలిపాక మూడు నిమిషాలు ఇంజన్ని నెమ్మదిగా తిరగనివ్వాలి. అంతే. కానీ లోకంలో డ్రైవర్ చేత చేయించలేని పని ఏదైనా ఉందంటే అది మూడు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టడం.

నేను ఇంత పట్టుగా ఎందుకున్నానో కూడా చెప్పాలి. కొండల్లో ఉన్నప్పుడు ఒక ట్రక్కు తనిఖీ కాగితం మీద, గాలి ఫిల్టర్ విప్పి చూడకుండానే, సరే అని సంతకం పెట్టాను. చలికి బద్ధకించాను, అంతే. మర్నాడు కనుమ మీద ఆ ట్రక్కు టర్బో పోయింది. వెనక ఇరవై బండ్లు ఆరు గంటలు మంచులో నిలబడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు కూడా. ఆ సిగ్గు మాత్రం నన్ను వదల్లేదు.

మొదటి ట్రిప్పు పదీ నలభైకి కదిలింది. నీళ్ళు సత్యవేడు వైపు ఒక మామిడితోటలో బోరు దగ్గర పట్టాం. నేను మునిరత్నం పక్కన కూర్చున్నాను. గట్టు మీద రెండో గేరు. కుడివైపు సరస్సు, ఎడమవైపూ సరస్సే. గట్టుకు ఆనుకుని తిరగబడిన పడవలు. బండి లాగుతుంటే సన్నగా ఈల వినిపించింది.

"ఆ ఈల ఎప్పటినుంచన్నా?"

"ఈల కాదది. బండి జోరుగుండాదని."

గట్టు దిగగానే వచ్చే కుప్పంలో, మూడు ఊళ్ళకూ కలిపి, మా ఇద్దరు జవాన్లు రెండు పెద్ద ప్లాస్టిక్ ట్యాంకులు నిలిపి ఉంచారు. ముందు పసిబిడ్డలున్న ఇళ్ళకు పది బిందెలు నేరుగా కుళాయి నుంచి, తర్వాత పైపుతో ట్యాంకుల్లోకి. ఈ వరస పెట్టింది మేజర్ సాబ్ కాదు, దేశమ్మ. అరవై ఏళ్ళుంటాయి. రొయ్యలు అమ్మే మనిషి, గొంతు సంతంత ఉంటుంది. వరసలో ఎవరు ముందో ఎవరు వెనకో ఆమె చెప్పిందే. మేము ఆగగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఆపు నాయనా ఆ బండిని. పొగంతా బిందెల్లో పడతాంది."

మునిరత్నం ఒక రేస్ ఇచ్చి ఆపేశాడు. నేను పళ్ళు నూరుకున్నాను.

రెండో రోజు సాయంత్రానికి ఈల పెద్దదైంది. గట్టు ఎక్కేచోట నల్లపొగ వచ్చింది. బడికి చేరాక బానెట్ ఎత్తాను. గాలి లోపలికి పోయే మూతికి చుట్టూ తెల్లగుడ్డ, నాలుగు మడతలు, తాడుతో బిగించి ఉంది. తడిసి ముద్దయి, మట్టి పట్టి, అట్టలా ఉంది.

"ఇదేంది?"

"పాలు వడకట్టే గుడ్డప్పా. కొత్తది. పాలల్లో నలుసునే పట్టేదానికి దుమ్ము ఒక లెక్కా? లోపల ఫిల్టర్ పాడు కాకుండా నేనే కట్టినా." గొంతులో గర్వం దాచుకోలేదు.

ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి పని నేను చూడలేదు. పాలమనిషికి తప్ప ఇంకెవరికీ తట్టదు. మంచికే చేశాడు. వాన లేనన్నాళ్ళు గాలి ఎలాగో దూరి ఉంటుంది. తడిసిన గుడ్డలోంచి ఎక్కడ దూరుతుంది? ఇంజను ముక్కు మూసుకుని పరుగెత్తుతోంది. గాలి అందక టర్బో తన నూనెనే పీల్చుకోవడం మొదలుపెట్టింది. రబ్బరు గొట్టం విప్పితే లోపల వేలికి నూనె అంటింది. ఇంజన్ ఆయిల్ గేజు తీసి చూశాను. తారు.

"ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?"

మునిరత్నం మొదటిసారి చూపు తిప్పుకున్నాడు. "ఫిల్టర్ కొనే పెట్టినా. సీటు కింద ఉండాది. తీరిక యాడిది? పాలు పొద్దున ఆగవు, సాయంత్రం ఆగవు."

ఆరు గంటలకు మేజర్ సాబ్ ముందు నిలబడ్డాను. రేపు పొద్దున ట్రిప్పు ఆపాలన్నాను. నాలుగు గంటలు కావాలన్నాను.

"ఒక ట్రిప్పు అంటే మూడు ఊళ్ళకు ఒక పూట నీళ్ళు."

"తెలుసు సార్. ఇలాగే నడిపితే రెండు రోజుల్లో గట్టు మీద ఆగిపోతుంది. అప్పుడు ఎన్ని పూటలో చెప్పలేను."

"నువ్వు బాగుచేశాక ఆగితే?"

"ఆగదు సార్."

"రాసిస్తావా?"

"విప్పి చూసి రాసిస్తాను సార్." ఆ మాట అంటుంటే కొండమీది సంతకం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆయన వాచీ చూసుకున్నారు. "పదిన్నరకు బండి గేటు దాటాలి" అన్నారు.

ఊరికి ముందే తెలియాలి. రేడియో ఆపరేటర్ కుప్పంలోని జవాన్లను పిలిచాడు. నేను సెట్టు తీసుకుని దేశమ్మను పిలవమన్నాను. ఆమె సెట్టును చెవికి ఆనించుకోకుండా నోటి ముందు పెట్టుకుని అరిచింది. రేపు పొద్దున బండి రాదు, మధ్యాహ్నం వస్తుంది, బండికి వైద్యం చేస్తున్నాం అని చెప్పాను.

"ఇప్పుడన్నా చెప్పినావు, బతికించినావు. ఇంటికొక చెంబు తగ్గిచ్చి దాస్తాలే. మజ్జాన్నం రాకపోతే మాత్రం నేనే నడిచొస్తా ఆడికి."

మూడో రోజు ఆరింటికి మొదలుపెట్టాం. బడి వంటషెడ్డులో, రేకుల కింద. మునిరత్నాన్నే పట్టమన్నాను పనిముట్లు. మొదట టర్బో. గొట్టం తీసి ఇరుసు కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నాను. పైకీ కిందికీ కాస్త కదిలింది, అది ఉండాల్సిందే. ముందుకూ వెనక్కూ లాగి చూశాను. కదల్లేదు. రెక్కలు ఎక్కడా గోడకు రాసుకోలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు ఊపిరి తీసుకున్నాను. బతికే ఉంది.

పాత నూనె దింపాం. టర్బో నుంచి నూనె కిందికి పోయే గొట్టం విప్పితే సగం పూడి ఉంది. కడిగి ఊదాం. సీటు కింద కొత్త ఆయిల్ ఫిల్టర్ మునిరత్నమే తెచ్చి ఇచ్చాడు, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. ఎనిమిదీ ముప్పై ఐదుకు జీపు సత్యవేడు నుంచి గాలి ఫిల్టర్ తెచ్చింది. మా స్టోర్ నుంచి కొత్త నూనె పోశాం. టర్బోకు నూనె పోయే రంధ్రంలో కూడా ఒక గుక్కెడు పోశాను. వెంటనే స్టార్ట్ చేయనివ్వలేదు. డీజిల్ కట్టేసి, ఉత్త సెల్ఫుతో పది సెకన్లు తిప్పాం. మళ్ళీ పది. నూనె పైదాకా ఎక్కాక స్టార్ట్. ఒక నిమిషం యాక్సిలేటర్ మీద కాలు పెట్టొద్దన్నాను. ఈల లేదు. మునిరత్నం తల వంచి విన్నాడు.

"గొంతు మారిపోయిందప్పా" అన్నాడు మెల్లగా. "కొత్తప్పుడు ఇట్లనే ఉన్నింది."

పాలగుడ్డను ఉతికి ఆరేశాడు. మళ్ళీ కట్టలేదు. పదీ ఇరవైకి బండి గేటు దాటింది. నేను కాగితం మీద సంతకం పెట్టాను. అన్నీ విప్పి చూసిన సంతకం.

ఇక మిగిలింది ఆ మూడు నిమిషాలు. కుప్పంలో బండి ఆగగానే, గాలి చూసి, పొగ సరస్సు మీదికి పోయేలా బండి మూతి తిప్పించాను. దేశమ్మకు సంగతి చెప్పాను. ఇంజన్ వెంటనే ఆపితే దాని గుండె మాడుతుందని, మూడు నిమిషాలు ఓర్చుకోవాలని.

"మూడు నిమిషాలంటే మాకేం తెలుస్తాది నాయనా? నీ గడియారం నువ్వు సూసుకో."

"నేను రోజూ రాను. వేరే పనులున్నాయి. ఈ అన్న ఆగడు."

మునిరత్నం నవ్వాడు. ఆమె కుళాయి వైపు చూసింది. బిందె పెట్టడం, నిండడం, తీయడం. నేను వాచీలో చూశాను. ఒక్కోటి పద్దెనిమిది సెకన్లు.

"అయితే ఆ పది బిందెలూ నిండేదాకా ఆపగూడదు. అంతే గదా?" అంది. "ఆ లెక్క నాకిడిసిపెట్టు."

కుడిచెయ్యి పైకెత్తి నిలబడింది. ఒక్కో బిందె నిండినప్పుడల్లా బిగ్గరగా చెప్పింది. పదోది నిండగానే చెయ్యి దించింది. మునిరత్నం అప్పుడే తాళం తిప్పాడు. రేస్ ఇవ్వలేదు. ఆ పూట నుంచి అదే పద్ధతి. మేజర్ సాబ్ లాగ్‌బుక్కులో ఏ రోజూ అది రాసుకోలేదు కానీ, ఆ డ్యూటీ మొత్తంలో మేము పాటించిన ఆర్డర్లన్నిట్లోకీ గట్టిది అదే.

ఆరో రోజు గట్టు బాగుచేయడానికి బండరాళ్ళు తెచ్చిన టిప్పర్ ఒకటి మూడో కిలోమీటరు దగ్గర ఆగిపోయింది. తోక నుంచి నీలం పొగ. మా ట్రక్కుతో దాన్ని వెనక్కి ఈడ్చడానికి నాలుగు గంటలు పట్టింది. ఆ పూట నీళ్ళు పోలేదు. మునిరత్నం ఆ డ్రైవర్ దగ్గరికి పోయి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఆపేటప్పుడు రేస్ ఇస్తావా?"

"ఇస్తా. ఎందుకన్నా?"

"ఎందుకా. మీ గురువు ఎవురబ్బా?" అన్నాడు. నేను మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నాను.

ఏడో రోజు అసలు పరీక్ష. సముద్రం మళ్ళీ పొంగింది. గట్టు రెండు కిలోమీటర్లు నీళ్ళ కింద. అటూ ఇటూ మావాళ్ళు పాతిన వెదురు కర్రలే దారి. ఒకటో గేరులో, యాభై నిమిషాలు, ఆగకుండా. వేడి ముల్లు ఎర్రగీతకు ఒక గింజ దూరంలో నిలబడింది. రేడియో మోగింది.

"నీళ్ళబండి, ఎక్కడున్నావు? ఓవర్."

"ఎనిమిదో కిలోమీటర్. నీళ్ళు బంపర్ దాకా. కదులుతున్నాం. ఓవర్."

"ఆగొద్దు. ఓవర్."

ఆగితే మళ్ళీ కదలమని ఆపరేటరుకూ తెలుసు. నేను సెట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. మునిరత్నం వెదురు కర్రల మీంచి చూపు తిప్పలేదు. ఇంజను మాత్రం ఒకే గొంతుతో, ఎక్కడా తడబడకుండా లాగింది.

కుప్పం చేరేసరికి రెండు వందల మంది ఉన్నారు. ముందు రోజు సాయంత్రం నుంచి సరిగ్గా నీళ్ళు లేవు. గాలి తిరిగింది, పొగ జనం మీదికే పోతోంది. బండి తిప్పడానికి చోటు లేదు. దగ్గుతూ ఒకాయన క్యాబిన్ మెట్టు ఎక్కి తాళం మీద చెయ్యి వేయబోయాడు. మునిరత్నం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పది కానీ సామీ. ఈ పొద్దు దీనికి జరమొచ్చినట్టుండాది. ఇప్పుడు ఆపితే సచ్చిపోతాది. రేపు నీకు నీళ్ళు తెచ్చేదెవురు?"

జనంలోంచి దేశమ్మ చెయ్యి లేచింది. ఒకటి అంది. రెండు అనేసరికి వెనకున్న ఆడవాళ్ళు కలిశారు. నాలుగుకు మగవాళ్ళూ కలిశారు. దప్పికతో ఉన్న రెండు వందల మంది, ఒక ఇంజను చల్లబడటం కోసం, కుళాయి కింద నిండుతున్న బిందెల్ని లెక్కపెడుతూ నిలబడ్డారు. పది అని అరిచినప్పుడు సరస్సు మీద కొంగలు లేచాయి. మునిరత్నం తాళం తిప్పాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకు అని చెప్పాను అందరికీ.

ఆ తర్వాత మూడు రోజులూ ట్రిప్పు తప్పలేదు. ఎనిమిదో రోజు నుంచి వాన తెరిపిచ్చింది. మావాళ్ళు పంపులతో చెలమల్లో ఉప్పునీళ్ళు తోడిపోశారు. మళ్ళీ ఊరింది, మళ్ళీ తోడారు. పదకొండో రోజు పొద్దున చివరి ఆర్డరు వచ్చింది. కుప్పం నుంచి ఇద్దరు జవాన్లనూ, ప్లాస్టిక్ ట్యాంకులనూ వెనక్కి తేవాలి. సాయంత్రం నాలుగున్నరకు కాలమ్, అంటే మా బండ్ల వరస, కదులుతుంది.

మునిరత్నం ఖాళీ ట్యాంకర్‌తో బయల్దేరాడు. నేనూ పక్కనే ఎక్కాను. కుప్పంలో బండి నిలిపి, అలవాటుగా ఇంజన్ తిరగనిచ్చాడు. కుళాయి కింద పెట్టడానికి ఆ రోజు బిందె లేదు, ట్యాంకులో నీళ్ళు లేవు. ఎంతసేపు ఆగాలో తోచక నా వైపు చూశాడు. నేను వాచీ చూడబోయాను.

అప్పుడు చెలమల వైపు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి చంకన ఒక నిండు బిందె. బండి ముందు ఇసకలో ఒక్కొక్కటే దించారు. దేశమ్మ చెయ్యెత్తి నిలబడి ఉంది, మామూలుగానే ఒకటీ రెండూ అని చెబుతోంది. పదోది ఆమె తనే దించింది.

"ఇంక ఆపుకో నాయనా" అంది. "ఇవి మా చెలమల నీళ్ళు. ఇంజన్‌కి పోసుకోండి, మీరూ తాగిపోండి."

తాగాం. ఇంకా కాస్త ఉప్పగానే ఉన్నాయి. మునిరత్నం రెండు చెంబులు తాగి, మూడో చెంబు నీళ్ళు బండి నిమ్మకాయల మీద చల్లాడు.

నాలుగున్నరకు కాలమ్ కదిలింది. ఏర్పేడు మలుపు మీదుగానే పోయాం, ఇంటికి పోవడానికి సెలవు లేదు. మునిరత్నం చిత్తూరు రోడ్డెక్కాడు. ఇప్పుడు మా ఇంటి ముందు నా బండి నేనే ఆపుకుంటాను. తొందరున్నా, వానున్నా, లోపల అన్నం చల్లారుతున్నా, తాళం మీద చెయ్యి పెట్టగానే ఆ ఇసక కనిపిస్తుంది, ఆ బిందెలు కనిపిస్తాయి. దేశమ్మ చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటుంది. పదోది నిండేదాకా దించదు.